రెండు వందల నలభైతో ఊరుకోలేక

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఏదీ ఉండేది కాదు. ఇరవై రెండేళ్ల వయసు, కంప్యూటర్స్‌తో బీయస్సీ, పత్రికతో ఉచితంగా వచ్చిన లైనక్స్ సీడీ, ఈ మూడూ ఒకే మనిషి చేతిలో పడితే ఏమవుతుందో చూడాలంటే రెండు వేల అయిదులోనో ఆరులోనో అమలాపురం వచ్చి నన్ను చూసి ఉండవలసింది. గడియార స్తంభానికి కాస్త అవతల ఒక మేడ మీద మా మాస్టారి కంప్యూటర్ సెంటర్ ఉండేది. (మాస్టారు ఏ బళ్లోనూ పాఠాలు చెప్పలేదు. పూర్వం టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేవారు కాబట్టి ఊరందరికీ మాస్టారే.) నేను అందులో ఉద్యోగిని. పొద్దున్న పిల్లలకు క్లాసులు, మధ్యాహ్నం శుభలేఖలు. శుభలేఖ మీద వినాయకుణ్ణి కచ్చితంగా మధ్యకు జరపడం నా వృత్తి. కెర్నెల్ నా వ్యసనం.

కెర్నెల్ అంటే ఏమిటో చెబుతాను, భయపడకండి, రెండు ముక్కల్లో అయిపోతుంది. కంప్యూటర్ని నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్‌లో అన్నిటికన్నా అడుగున ఉండి పెత్తనం చేసే ప్రోగ్రాము అది. డిస్కులోంచి ఒక ఫోటో కావాలన్నా, పాట కావాలన్నా మనం నేరుగా డిస్కుని అడగలేం, మన తరఫున కెర్నెలే అడగాలి. ఒక్క విడతలో డిస్కుని ఎంత అడగవచ్చు అన్నదానికి కెర్నెల్ దగ్గర ఒక హద్దు ఉంటుంది. ఆ రోజుల్లో బయటినుంచి తగిలించే యూఎస్‌బీ డిస్కులకు ఆ హద్దు రెండు వందల నలభై సెక్టార్లు. సెక్టారంటే అర కిలోబైటు. ఆ అంకె ఒక చిన్న ఫైల్లో ఉండేది. ఒకే ఒక్క లైను కొట్టి దాన్ని మార్చేయవచ్చు. మార్చేయవచ్చు అని తెలియడం దగ్గరే నా చదువు ఆగింది.

ఇంట్లో నేను రాత్రీ పగలూ కెర్నెల్, కెర్నెల్ అని జపిస్తుంటే మా అమ్మమ్మకు అది కల్నల్ అని వినిపించింది. ఆవిడ వీధంతా తిరిగి మనవడు కల్నల్ పని నేర్చుకుంటున్నాడని చెప్పేసింది. మా వీధిలో సైన్యంలో చేసి రిటైరైన పెద్దాయన ఒకాయన నన్ను సందు మలుపులో ఆపి, “ఏ రెజిమెంటు బాబూ?” అని గంభీరంగా అడిగేదాకా ఈ సంగతి నాకు తెలియదు. (తెలిశాక కూడా నేను పూర్తిగా ఖండించలేదని ఒప్పుకోవాలి.)

అలా వెలిగిపోతున్న రోజుల్లో ఒక గురువారం పొద్దున్న బండారులంక నుంచి ఇద్దరు వచ్చారు. ఒకాయనకు అరవై దాటి ఉంటాయి, సన్నగా, తెల్లగా ఉతికిన పంచెలో, జేబులో మూడు పెన్సిళ్లతో ఉన్నారు. ఆయన వెనక ఆయన కూతురు. ఆయన్ని ఆ ఊళ్లో అందరూ గ్రాఫు మావయ్యగారు అంటారట. చీరల అంచులకూ కొంగులకూ డిజైన్లు గీయడం ఆయన పని. గళ్ల కాగితం మీద ఒక్కో గడీ నింపుకుంటూ వెళతారు. ఒక గడీ అంటే మగ్గం మీద కొన్ని పోగులు. ఆ కాగితాన్ని చూసి అట్టలకు చిల్లులు కొడతారు, ఆ అట్టల్ని మగ్గానికి కడితే చీర మీద హంస లేస్తుంది. నలభై ఏళ్లుగా ఆయన గీసిన హంసలూ, మామిడి పిందెలూ, గోపురాలూ మూడు వందల పైచిలుకు. కూతురు (నాకన్నా నాలుగైదేళ్లు పెద్ద, అందుకే నాకు అక్కగారు) మూడు నెలలు కూర్చుని ఆ కాగితాలన్నీ స్కాన్ చేసింది. మస్కట్‌లో ఉన్న వాళ్లాయన పంపిన డిస్కు డబ్బాలో దాచింది. ఆ తరువాత నెల తిరక్కుండా వాయుగుండం పట్టి, పెంకులు లేచిపోయి, అటక మీది ట్రంకుపెట్టెలో కాగితాలన్నీ ముద్దయిపోయాయి.

కొత్త తువ్వాల్లో చుట్టిన డబ్బాని బల్ల మీద పెడుతూ మావయ్యగారు అన్నారు. “బాబుగారూ, కాగితాలు పోయేయండి. ఉన్నదల్లా ఇదేనండి. సోమవారం చేనేత సొసైటీవోళ్లు వస్తన్నారండి, ఈ ఏడు ఏ డిజైన్లు నెయ్యాలో చూసుకోడానికి. సీడీల్లో పెట్టి ఇమ్మన్నారండి. మా అమ్మాయి ఇంట్లో చేద్దామంటే అస్తమానూ ఆగిపోతందండి.”

“ఆయ్, అదెంతపనండీ,” అన్నాను నేను. ఈ మాట ఎప్పుడు నోట వచ్చినా తరువాత ఏదో ఒకటి జరుగుతుందని ఇప్పుడు నాకు తెలుసు.

డబ్బాకి కరెంటు అడాప్టర్ పెట్టాను, యూఎస్‌బీ వైరు మా సెంటర్ కంప్యూటర్‌కు తగిలించాను, కాపీ మొదలెట్టాను. డబ్బా మీద నీలం లైటు మిణుకు మిణుకుమంది. కాసేపు బాగానే నడిచింది. తరువాత ఆగింది. అరనిమిషం ఏమీ లేదు. మళ్లీ నడిచింది. మళ్లీ ఆగింది.

“మా ఇంట్లోనూ ఇంతేనండి,” అంది అక్కగారు. “ఆగుద్ది, మళ్లీ నడుస్తది. సాయంత్రానికైనా అయిపోద్దేమో, కూర్చుంటావండి.”

ఆవిడ కూర్చుంటానంటోంది. మావయ్యగారు అప్పటికే కూర్చున్నారు. ఇద్దరికీ తొందర లేదు. ఆ గదిలో తొందర ఉన్నది నాకొక్కడికే. ఎందుకంటే, డబ్బా ఎందుకు ఆగుతోందో నాకు అప్పటికే అర్థమైపోయింది. పాపం దానికి కెర్నెల్ చాలినంత పని ఇవ్వడం లేదు! రెండు వందల నలభై, రెండు వందల నలభై అని చిన్న చిన్న ముక్కలు అడుగుతుంటే అది విసుగెత్తి మధ్యలో కునుకు తీస్తోంది. ఇదీ నా సిద్ధాంతం.

“ఉండండి అక్కగారూ, కెర్నెల్లో లిమిట్ పెంచేస్తాను. చిటికెలో అయిపోతుంది,” అని, కుర్చీ ముందుకు లాక్కుని, అవసరం లేకపోయినా వేళ్లు ఒకసారి విరుచుకుని, ఆ ఒక్క లైనూ కొట్టాను. రెండు వందల నలభై పోయి వెయ్యిన్నీ ఇరవై నాలుగు వచ్చింది. కాపీ మళ్లీ మొదలెట్టాను. నీలం లైటు జోరుగా కొట్టుకుంది. “చూశారా!” అన్నాను. నిజంగా వేగం పెరిగిందో లేదో ఈ రోజుకీ నాకు తెలియదు, నాకు మాత్రం పెరిగినట్టే కనిపించింది. ఒక నిమిషం గడిచింది. లైటు కొట్టుకోవడం మానేసి అలా వెలిగి ఉండిపోయింది. డబ్బాలోంచి టక్ అని చిన్న శబ్దం వచ్చింది. స్క్రీన్ మీద ఎర్రర్లు వరస కట్టి, వరద గోదారిలో గుర్రపుడెక్క కొట్టుకొచ్చినట్టు వచ్చేశాయి. ఆ తరువాత కంప్యూటర్ అసలు ఆ డబ్బా ఎవరో తనకు తెలియదన్నట్టు ఊరుకుంది.

“ఏవైందండీ?” అన్నారు మావయ్యగారు.

“ఏం లేదండీ, వేడెక్కింది,” అన్నాను. వేడెక్కింది నా చెవులు. వైరు పీకి పెట్టాను. రాలేదు. ఇంకో రంధ్రంలో పెట్టాను. రాలేదు. కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాను. లేదు. డబ్బాని తీసుకెళ్లి టేబుల్ ఫ్యాను ముందు పెట్టి, దాని మీద చెయ్యి వేసి చూస్తూ డాక్టర్లా ముఖం పెట్టాను. అక్కగారు నా ముఖం చూసింది, డబ్బా చూసింది, మళ్లీ నా ముఖం చూసింది.

“మీరు ఏదో నొక్కేకే కదండీ ఆగింది?”

సరిగ్గా అప్పుడే మాస్టారు లోపలి గదిలోంచి వచ్చారు. విషయం అడిగారు. నేను గొణిగాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని (ఆయనకు మరీ కోపం వచ్చినప్పుడు మాత్రమే ఆ పని చేసేవారు), “నిన్ను వినాయకుడి సంగతి చూసుకోమన్నాను గానీ కెర్నెల్ సంగతి ఎవరు చూడమన్నారోయ్?” అన్నారు. ఇక దాచడం నా వల్ల కాలేదు. మావయ్యగారి ముందు నిలబడి, తప్పు నాదేననీ, హద్దు నేనే పెంచాననీ చెప్పేశాను. అందులో ఉన్నవి ఉన్నాయో పోయాయో తెలియదని కూడా చెప్పాను.

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. “ఎంత ఉండేదండీ?” అని అడిగారు.

“రెండొందల నలభై అండి.”

“ఎంత చేసేరు?”

“వెయ్యిన్నీ ఇరవై నాలుగండి.”

“మరి దానికి అంత పడుద్దో లేదో అడగలేదాండీ?”

నలభై ఏళ్లు గడీలు లెక్కపెట్టిన మనిషికి ఒక్క నిమిషంలో తట్టిన ప్రశ్న, మూడేళ్ల బీయస్సీకి తట్టలేదు. (మాస్టారు అప్పటికి కళ్లజోడు రెండోసారి తుడుస్తున్నారు.) డబ్బా ఇక్కడే వదిలి వెళ్లండి, రేపటికి ఏదో ఒకటి చేస్తాం అని మాస్టారు అంటే మావయ్యగారు ఒప్పుకోలేదు. “వదిలి ఎల్లలేనండి. మేవిక్కడే ఉంటావండి. కాస్త కాగితాలుంటే ఇప్పించండి.” ప్రింటర్ కాగితాలిచ్చాను. అక్కగారు స్కేలు పెట్టి గళ్లు గీసింది. ఆయన జేబులోంచి పెన్సిల్ తీసి, ఆ బల్ల మీదే వంగి, జ్ఞాపకం ఉన్న డిజైన్లు ఒక్కొక్క గడీ నింపడం మొదలెట్టారు.

నేను చూడలేకపోయాను. “అన్నీ గుర్తున్నాయాండీ?” అని అడిగాను.

“ఎలా ఉంటాయండీ? ఊరికే కూర్చోలేక గీస్తన్నానండి.”

అక్కడినుంచి పారిపోయాననే చెప్పాలి. పక్క మేడ మీద ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. అక్కడికి పరిగెత్తి, కెర్నెల్ రాసేవాళ్లందరూ మాట్లాడుకునే మెయిలింగ్ లిస్టుకి ఉత్తరం రాశాను. ఏడాదిగా ఆ లిస్టు చదువుతున్నాను గానీ ఒక్క ముక్క రాసే ధైర్యం చేసింది లేదు. ఇంగ్లీషులో ఉత్తరమంటే నాకు వచ్చింది ఒకటే నమూనా, కాలేజీలో సెలవు చీటీ. అందుచేత ప్రపంచంలోని కెర్నెల్ పండితులందరినీ ఉద్దేశించి “గౌరవనీయులైన అయ్యా” అని మొదలుపెట్టి, సవినయంగా విన్నవించుకొనునది ఏమనగా అంటూ, బండారులంక నేతపనీ, వాయుగుండం, ట్రంకుపెట్టె, మావయ్యగారి పెన్సిలూ అన్నీ రాసి, డబ్బా అడుగున ఉన్న నంబర్లు రాసి, రెండు వందల నలభై, వెయ్యిన్నీ ఇరవై నాలుగూ రాసి, దయతో ఆదుకోవలసిందని ప్రార్థించి, ఇట్లు తమ విధేయుడు అని ముగించాను.

నలభై నిమిషాలకు జవాబు వచ్చింది. ఏ దేశమో తెలియదు, ఎవరో తెలియదు. గౌరవనీయులూ లేరు, విధేయులూ లేరు. మూడే వాక్యాలు. డబ్బాకి పవర్ పూర్తిగా తీసి పెట్టావా? అది మాటిమాటికీ ఆగుతోందంటే దాని శక్తికి మించి అడుగుతున్నట్టు, మరి నువ్వు ఇంకా ఎందుకు పెంచావు? అరవై నాలుగు పెట్టి చూడు.

ఆ రెండో వాక్యం మళ్లీ చదివాను. రెండు వందల నలభయ్యే దానికి ఎక్కువట! అది ఉక్కిరిబిక్కిరై ఆగుతుంటే, కెర్నెల్ అరనిమిషం ఎదురుచూసి, తట్టి లేపి, మళ్లీ అడుగుతోందట. నేను కునుకు అనుకున్నది అదన్నమాట. ఇక మొదటి వాక్యం సంగతికొస్తే, నేను యూఎస్‌బీ వైరు పదిసార్లు పీకాను గానీ, అడాప్టర్ మాత్రం గోడకు అలాగే ఉంది. లోపల బిగుసుకుపోయిన డబ్బా బిగుసుకుపోయినట్టే ఉండి, నా ఫ్యాను గాలి హాయిగా అనుభవించింది.

తిరిగి వచ్చి, ఎవరి ముఖమూ చూడకుండా అడాప్టర్ పీకాను. పది లెక్కపెట్టాను. ఎందుకైనా మంచిదని యాభై దాకా లెక్కపెట్టాను. పెట్టాను. లైటు మిణుకుమంది. కంప్యూటర్‌కు డబ్బా మళ్లీ పరిచయమైంది. ఈసారి తొందరపడి ఏదీ తెరవలేదు. ముందు ఆ ఫైల్లో అరవై నాలుగు అని కొట్టాను. కొట్టింది అదేనా అని మూడుసార్లు చూశాను. “అక్కగారూ, మీరూ ఒకసారి చూడండి,” అన్నాను. ఆవిడ వచ్చి, అంకె పైకి చదివింది. “అరవై నాలుగేనండి. ఇంక చెయ్యి తీసేయండి దాని మీంచి.” తీసేశాను.

అప్పుడు చూడాలి ఆ డబ్బా నడక! ఆగలేదు, తూలలేదు. నిదానంగా, కాలవగట్టున నడిచే పెద్దమనిషిలా సాగిపోయింది. మొదటి డిజైను స్క్రీన్ మీద తెరవగానే మావయ్యగారు పెన్సిల్ కింద పెట్టారు. అది హంసల అంచు. ఆయన ఆ రెండు గంటల్లో గుర్తు తెచ్చుకుని గీసినదీ అదే. అక్కగారు రెండూ పక్కపక్కన పెట్టి చూసి, “నాన్నా, నువ్వు గీసిందాంట్లో మెడ వేరేగా ఉంది,” అంది. ఆయన కళ్లు చికిలించి స్క్రీన్ వంక చాలాసేపు చూశారు. “అప్పుడు తప్పు గీసేనమ్మా. మెడ ఇలాగే ఉండాలి,” అని చేతిలో కాగితాన్ని జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆ తరువాతే వాళ్లు తెచ్చుకున్న పులిహోర కారియర్ విప్పారు. నాకూ పెట్టారు, మాస్టారికీ పెట్టారు. పొద్దుగుంకే వేళకు మూడు వందల చిల్లర డిజైన్లూ, ఒక్కటీ పోకుండా, సీడీల మీదకు ఎక్కాయి. మెట్లు దిగబోతూ మావయ్యగారు నా భుజం మీద చెయ్యి వేసి, “చెప్పేశారు కాబట్టి సరిపోయిందండి బాబుగారూ. దాచుంటే డబ్బాని తిట్టుకుంటా ఎల్లిపోదుం,” అన్నారు.

కథ అక్కడితో అయిపోవలసింది. కానీ అరవై నాలుగుతో నడిచిందని ఆ రాత్రే కబురు పంపితే, మర్నాడు ఆ అజ్ఞాత పండితుడు మళ్లీ రాశాడు. ఏ డబ్బా శక్తి ఎంతో కెర్నెల్లో ఒక జాబితా ఉంటుందట. నా డబ్బాని అందులో చేర్చితే, ప్రపంచంలో ఎవరు తగిలించినా హద్దు దానంతటదే అరవై నాలుగవుతుందట. అందుకు మార్పు రాసి పంపాడు, పరీక్షించి చెప్పమన్నాడు. కొత్త కెర్నెల్ తయారవడానికి మా కంప్యూటర్ ఒక పూటంతా ఆయాసపడింది. అంతా సిద్ధమయ్యాక గుర్తొచ్చింది, డబ్బా బండారులంకలో ఉంది. ఇంకోసారి దాన్ని ఇవ్వండి అని అడిగే ముఖం నాకు లేదు. మాస్టారి కాళ్లా వేళ్లా పడి, సీపీయూని ఒళ్లో, మానిటర్ని సీటు మీద పెట్టుకుని, షేరు ఆటో ఎక్కాను. పక్కన కూర్చున్నావిడ దారంతా ఓర్చుకుని చివరికి అడిగేసింది. “ఏ ఊరి సంబంధవండీ, టీవీ కూడా పెడుతున్నారు?”

మావయ్యగారి ఇంటి వసారాలో నాలుగు మగ్గాలు ఆడుతున్నాయి. నేను వైర్లు తగిలిస్తుంటే ఆయన లేచి, “కాసేపు ఆపండ్రా. అదురు తగిలితే దానికేవన్నా అవుద్దేమో,” అన్నారు. నాలుగు మగ్గాలూ ఆగిపోయాయి. నేతవాళ్లు దిగొచ్చి నా చుట్టూ నిలబడ్డారు. ఏ శబ్దమూ లేదు. నేను వైరు పెట్టాను. ఫైల్లో అంకె చూశాను. ఎవరూ ఏమీ కొట్టకుండానే అరవై నాలుగు. “వచ్చిందండీ!” అని అరిచాను. ఏం వచ్చిందో వాళ్లకు తెలియదు, అయినా అందరూ సంతోషించారు. అక్కగారు మాత్రం ముందు నా చెయ్యి ఎక్కడుందో చూసి, తరువాత నవ్వింది.

ఆ సాయంత్రమే పండితుడికి రాశాను, బండారులంకలో పరీక్షించితిమి, సరిగా పనిచేయుచున్నది అని. ఆ మార్పు కెర్నెల్లోకి వెళ్లింది. ఎవరు తెలియజేశారన్న చోట నా పేరు కూడా వేశారు (ఒక అక్షరం తప్పుతో). ఆయన చివరగా ఒకే వాక్యం రాశాడు. బండారులంక ఎక్కడుంది?

మర్యాదకు అడిగాడో, పొద్దుపోక అడిగాడో! నేను మాత్రం పేజీన్నర రాశాను. రాజమండ్రిలో రైలు దిగమన్నాను. జొన్నాడ దగ్గర గోదారి దాటగానే గాలి మారుతుందని రాశాను, రావులపాలెంలో అరటిపళ్లు కొనుక్కోమన్నాను. అమలాపురం బస్సులో కిటికీ పక్కన ఏ వైపు కూర్చుంటే ఎండ తగలదో చెప్పాను. గడియార స్తంభం దగ్గర దిగి మాస్టారి సెంటర్ అంటే ఎవరైనా చూపిస్తారనీ, అక్కడినుంచి నేనే తీసుకెళతాననీ, భోజనం మా ఇంట్లోనేననీ, ఫలానా రోజు వస్తున్నానని ముందుగా ఒక్క ముక్క రాస్తే మా అమ్మమ్మ పనసపొట్టు కూర చేస్తుందనీ రాశాను. జవాబు రాలేదు. అయినా చాలా రోజులు, బస్టాండు వైపు వెళ్లినప్పుడల్లా, వీపున సంచీ ఉన్న తెల్లమనిషి ఎవరైనా దిగుతున్నాడేమోనని ఒక కన్ను వేసి ఉంచేవాణ్ణి.

ఇప్పుడు నేనూ హైదరాబాదులో ఒక కంపెనీలో డిస్కుల పనే చేస్తున్నాను. ముక్కూ ముఖం తెలియనివాళ్లకు రోజూ మూడేసి వాక్యాల జవాబులు రాస్తుంటాను, పవర్ తీసి పెట్టావా, అంకె ఎందుకు మార్చావు, తగ్గించి చూడు అని. ఒక్క జవాబులోనూ తప్పు ఉండదు. ఒక్క జవాబులోనూ ఎవరినీ భోజనానికి పిలవను.